గయుడు, మార్సేల్స్ రేవు, మా అమ్మమ్మ పెళ్ళి

ముప్పయి రెండేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. బడిలో ఎవరో ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్న, దానికి నేను చెప్పిన తప్పు సమాధానం, ఇప్పుడు తీరికగా కూర్చున్నప్పుడు గుర్తుకు వచ్చి బాధిస్తూ ఉంటాయి. అలాంటి ప్రశ్న ఒకటి గయోపాఖ్యానం గురించినది.

కథ మీకందరికీ తెలుసు. చిలకమర్తివారి నాటకం చూడనివారు కూడా 1963లో వచ్చిన శ్రీకృష్ణార్జున యుద్ధము సినిమా చూసే ఉంటారు. గయుడనే గంధర్వుడు ఆకాశమార్గాన పోతూ ఉమ్మిన తాంబూలం, క్రింద అర్ఘ్యమిస్తున్న శ్రీకృష్ణుడి దోసిలిలో పడింది. చంపి తీరుతానని కృష్ణుడు ప్రతిజ్ఞ పట్టాడు. గయుడు లోకాలన్నీ తిరిగి, చివరకు నారదుడి సలహాతో అర్జునుడి కాళ్ళ మీద పడ్డాడు. తనను తరుముతున్నది ఎవరో చెప్పకుండానే అభయం పుచ్చుకున్నాడు. తరువాత సంగతి తెలిసింది, కృష్ణుడు గయుణ్ణి అప్పగించమన్నాడు, అర్జునుడు కాదన్నాడు, బావామరుదులు యుద్ధానికి దిగారు. తొమ్మిదో తరగతి కుర్రవాడు లేచి, "మాస్టారూ, తప్పు చేసినవాణ్ణి అప్పగించేస్తే సరిపోయేది కదండీ, ఇంత గొడవ ఎందుకు?" అని అడిగాడు. శరణాగత రక్షణ క్షత్రియ ధర్మం రా, కూర్చో అన్నాను. వాడు కూర్చున్నాడు. వాడికి సమాధానం దొరకలేదని వాడి ముఖమే చెప్పింది.

ఉద్యోగ విరమణ తరువాత చరిత్ర పుస్తకాలూ, పాత కోర్టు తీర్పులూ చదివే అలవాటు పట్టుకుంది. అప్పుడు తెలిసింది, ఆ కుర్రవాడి ప్రశ్న మీద రెండు శతాబ్దాలుగా రాజ్యాలు తలలు బద్దలు కొట్టుకుంటున్నాయని. ఒక దేశంలో నేరం మోపబడినవాడు మరొక దేశంలో తలదాచుకుంటే అతణ్ణి తిరిగి పంపడాన్ని మన పత్రికలు 'అప్పగింత' అంటున్నాయి. ఈ మాట నాకు ఎప్పుడూ ఎబ్బెట్టుగానే ఉంటుంది. తెలుగువాడికి అప్పగింతలంటే పెళ్ళిలో ఆఖరి ఘట్టం. పాలలో చేయి ముంచి పిల్లను అత్తవారి చేతిలో పెట్టి తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకునే వేళ. ఆ మాటే ఖైదీకి ఎలా వాడతారని చాలాకాలం సణిగాను. ఇప్పుడు సణగడం మానేశాను. ఎందుకు మానేశానో చివర చెబుతాను.

ముందు ఒక చిక్కు చెప్పాలి. నేరస్థుణ్ణి అప్పగించడమంటే బందిపోటును ఠాణాలో దిగబెట్టినంత సులువు కాదు. అడిగేవాడి ధర్మస్మృతి వేరు, ఇచ్చేవాడి ధర్మస్మృతి వేరు. ఇంగ్లీషు న్యాయానికి నేరమంటే నేలతో ముడిపడినది. ఎక్కడ నేరం జరిగిందో అక్కడే విచారణ, మనిషి ఏ దేశపు ప్రజ అన్నది చాలావరకు అనవసరం. ఫ్రాన్సు మొదలైన ఐరోపా ఖండపు దేశాల న్యాయానికి నేరం మనిషితో పాటు నడుస్తుంది. ఫ్రెంచివాడు ఎక్కడ ఘోరం చేసి వచ్చినా ఫ్రాన్సు తన పౌరుణ్ణి పరాయి రాజ్యానికి అప్పగించదు, తన కోర్టులోనే విచారిస్తుంది. ఎవరి పద్ధతి వారికి చక్కగానే ఉంటుంది. రెండు పద్ధతులూ ఒకే ఒడంబడికలో కలిసినప్పుడే తమాషా. 1877లో విల్సన్ అనే ఇంగ్లీషువాడు స్విట్జర్లాండులో దొంగతనం చేశాడన్న అభియోగంతో లండన్‌లో పట్టుబడ్డాడు. స్విస్సువారితో ఉన్న ఒడంబడికలో 'ఎవరి ప్రజలను వారు అప్పగించనక్కరలేదు' అన్న ఖండదేశపు నియమం చేరి ఉంది. కనుక అతణ్ణి పంపడానికి వీలులేదు. నేరం జరిగింది పరాయి నేల మీద, కనుక ఇంగ్లండులో విచారించడానికీ వీలులేదు. వదిలిపెట్టారు. రెండు వలల మధ్య సందులోంచి చేప జారిపోయినట్లయింది.

ఇక అసలు కథకు వస్తాను. సావర్కర్ మార్సేల్స్‌లో ఓడ నుంచి దూకడం మా చిన్నతనంలో ఉపవాచకాలలో సాహసగాథగా చదివినదే. ఆయన రాజకీయాల మీద నేడు తెలుగు బ్లాగులలో నడిచే పోట్లాటలు నాకు తెలుసు. పొగడ్తకూ తెగడ్తకూ ఈ టపా చోటు కాదు. ఒక ఖైదీ, రెండు రాజ్యాలు, ఒక రేవు, నాకు కావలసింది అంతే.

1909 డిసెంబరులో నాసిక్ కలెక్టరు జాక్సన్‌ను అనంత కన్హేరే కాల్చి చంపాడు. ఆ పిస్తోళ్ళను లండన్ నుంచి పంపింది సావర్కరేనని ప్రభుత్వం అభియోగం. 1910 మార్చి 13న ఆయనను లండన్ విక్టోరియా స్టేషనులో పట్టుకున్నారు. ఇక్కడొక విశేషం గమనించాలి. ఇంగ్లండు నుంచి భారతదేశానికి పంపడానికి ఏ ఒడంబడికా అవసరం లేకపోయింది. రెండూ ఒకే చక్రవర్తి సొత్తు. 1881 నాటి పరారీ నేరస్థుల చట్టం ప్రకారం, సామ్రాజ్యంలో ఒక గదిలోంచి ఇంకొక గదిలోకి మార్చడం వంటిదే అది. రాజకీయ నేరమైతే పంపరాదన్న రక్షణ పరదేశాలతో చేసుకునే ఒడంబడికలకే గాని ఈ చట్టానికి లేదు. అంటే పారిస్‌లో ఉన్నంతకాలం సావర్కర్‌కు ఉండిన కవచం, లండన్‌లో రైలు దిగగానే ఊడిపోయింది.

జూలై 1న మోరియా అనే ఓడ ఎక్కించారు. 7వ తేదీ సాయంత్రం అది మార్సేల్స్ చేరింది. మరునాటి ఉదయం స్నానాదుల నెపంతో లోపలికి వెళ్ళిన ఖైదీ గుండ్రటి కిటికీ సందులోంచి శరీరాన్ని దూర్చి నీళ్ళలోకి దూకాడు. మా ఉపవాచకంలో బొమ్మ చూస్తే నడిసముద్రంలో తుపాకి గుళ్ళ మధ్య ఈదుతున్నట్లు ఉండేది. నిజానికి ఓడ రేవులో కట్టివేసి ఉంది. ఈదినది కొద్ది దూరమే. సాహసం ఈతలో లేదు, ఆ తరువాతి ఆలోచనలో ఉంది. గట్టు ఎక్కితే ఫ్రెంచి నేల. ఆ నేల మీద ఇంగ్లీషు పోలీసు ఉత్త బాటసారి. ఫ్రెంచివాడు పట్టుకున్నా తిరిగి ఇవ్వాలంటే 1876 నాటి ఒడంబడిక ప్రకారం అర్జీ, సాక్ష్యం, విచారణ అన్నీ కావాలి. రాజకీయ నేరమని తేలితే ఆ దారీ మూసుకుంటుంది. బారిస్టరు చదువు చదివినవాడు గనుక ఆయనకు ఇదంతా కరతలామలకం.

గట్టు మీద పరుగెత్తాడు. పెస్కియే అనే ఫ్రెంచి పోలీసు పట్టుకున్నాడు. సావర్కర్ కోరిక ఒక్కటే, నన్ను మీ న్యాయాధికారి వద్దకు తీసుకువెళ్ళు అని. ఆయనకు ఫ్రెంచి సరిగా రాదు, ఈయనకు ఇంగ్లీషు రాదు. ఓడలోనివాళ్ళు 'పట్టుకోండి' అని కేకలు వేస్తూ దిగి వచ్చారు. ఆ పోలీసు ఖైదీ చేయి పట్టుకుని వారితో పాటు నడిచి మళ్ళీ ఓడ ఎక్కించాడు. అంతా కొద్ది నిమిషాల పని. ఇంతటి అంతర్జాతీయ వ్యాజ్యమూ, ఆ రేవు గట్టున ఒక మాట ఒక మనిషికి అర్థం కాకపోవడం వల్ల పుట్టింది. భాషోపాధ్యాయుణ్ణి గనుక నాకు ఆ క్షణం మీదికే మనసు పోతుంది.

మరునాడు ఓడ వెళ్ళిపోయింది. పారిస్‌లో గగ్గోలు పుట్టింది. మేడం కామా, కార్ల్ మార్క్స్ మనుమడు జీన్ లాంగే వంటివారు పత్రికలలో అడిగారు: ఫ్రెంచి నేల మీద పట్టిన మనిషిని ఫ్రెంచి న్యాయస్థానం గడప తొక్కనివ్వకుండా పరాయి పోలీసుకు ఇవ్వడానికి ఆ పోలీసుకు ఏమి హక్కు? ఫ్రాన్సు ప్రభుత్వం ఖైదీని తిరిగి ఇమ్మని కోరింది. బ్రిటన్ కాదన్నది. చివరకు 1910 అక్టోబరు 25న వివాదాన్ని హేగ్ మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి విడిచిపెట్టడానికి ఒప్పుకున్నారు. అయిదుగురు మధ్యవర్తులు. బెల్జియం ప్రముఖుడు బీర్నార్ట్ అధ్యక్షుడు. ఇంగ్లండు, ఫ్రాన్సు, నార్వే, హాలండు దేశాలవారు తక్కిన నలుగురు. వ్యాజ్యం రెండు రాజ్యాలది. ఎవరి తల గురించి వాదనో ఆ మనిషి అందులో వాదీ కాదు, ప్రతివాదీ కాదు.

ఆ తీర్పు వచ్చేదాకా బొంబాయి ఆగలేదు. అక్కడి ప్రత్యేక న్యాయస్థానం ముందు సావర్కర్ తరఫువారు, ఇతణ్ణి తెచ్చిన తీరే అక్రమం గనుక విచారించే అధికారం మీకు లేదన్నారు. ఎలా వచ్చాడో మాకు అనవసరం, మా ఎదుట ఉన్నాడా లేడా అన్నదే మాకు ముఖ్యం అని న్యాయమూర్తుల సమాధానం. 1910 డిసెంబరులో యావజ్జీవ ద్వీపాంతరవాసం వేశారు. 1911 జనవరిలో మరొకటి వేశారు. ఒకదాని తరువాత ఒకటిగా మొత్తం 50 ఏళ్ళు. అది అయ్యాక 1911 ఫిబ్రవరి 24న హేగ్ తీర్పు వచ్చింది. పట్టి అప్పగించడంలో క్రమం తప్పిన మాట నిజమేనని అందులో ఒప్పుకున్నారు. కాని మార్సేల్స్ పోలీసులకు ముందే కబురు ఉంది, ఓడ మీది ఖైదీ విషయంలో సహకరించమని ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాయి, ఇంగ్లీషువారు మోసమూ బలవంతమూ చేయలేదు, కాబట్టి పరాయి పోలీసు చేసిన పొరపాటుకు ఖైదీని తిరిగి ఇవ్వవలసిన విధి అంతర్జాతీయ న్యాయంలో లేదు అన్నారు. తప్పు జరిగింది, దిద్దనక్కరలేదు. ఇంత సంస్కారవంతమైన భాషలో ఇంత నిర్దయమైన మాట నేను మరొకటి చదవలేదు. అదే ఏడు సావర్కర్‌ను అండమాను చేర్చారు.

ఇది చదివి కొన్నాళ్ళు, బ్రిటిషువాడి న్యాయమంతా ఇంతేననుకున్నాను. తరువాత మన శంకరపల్లి కథ కంటబడింది. హైదరాబాదు నుంచి వాడి వెళ్ళే దారిలో ఉన్న శంకరపల్లే. అప్పుడది నిజాం రాజ్యం. రైలు మార్గం వరకు సివిలు, క్రిమినలు అధికారాన్ని నిజాం బ్రిటిషు ప్రభుత్వానికి వదిలాడు. సిమ్లాలో జరిగిందంటున్న ఒక నేరానికి అక్కడి మేజిస్ట్రేటు వారంటు ఇవ్వగా, నిజాం ప్రజ అయిన మహమ్మద్ యూసుఫుద్దీన్‌ను శంకరపల్లి స్టేషనులో పట్టుకున్నారు. నిజాముతో 1867లోనే నేరస్థుల అప్పగింతకు ఒడంబడిక ఉంది. కావాలంటే దాని ప్రకారం అడగవచ్చు. అంత శ్రమ ఎందుకు, రైలు పట్టాల మీద మన అధికారమే కదా అనుకున్నారు. వివాదం లండన్‌లోని ప్రీవీ కౌన్సిలు దాకా వెళ్ళింది. 1897లో తీర్పు. నిజాం వదిలినది రైల్వే నడపడానికి అవసరమైనంత మేరకే, అక్కడ జరిగే నేరాల వరకే. ఎక్కడో సిమ్లా నేరానికి ఆ స్టేషనులో ఉన్న మనిషిని పట్టే అధికారం దానివల్ల రాదు. ఆ నేల నిజాందే. నిర్బంధం చెల్లదు.

రెండింటికీ మధ్య 13 ఏళ్ళే. శంకరపల్లి ప్లాట్‌ఫారం నిజాం నేల అయినప్పుడు, మార్సేల్స్ గట్టు ఫ్రాన్సు నేల కాకుండా ఎలా పోయింది? న్యాయవాదులు తేడాలు చూపిస్తారు. అక్కడ అరెస్టు చేసింది బ్రిటిషు వారంటు, ఇక్కడ పట్టి ఇచ్చింది ఫ్రెంచి పోలీసే అంటారు. ఒప్పుకుంటాను. కాని ఒకటి మాత్రం నా లెక్కలో మిగిలే ఉంటుంది. శంకరపల్లి మనిషి పిస్తోళ్ళ కేసువాడు కాదు.

పట్టుకున్న తీరు చెడ్డదైనా నిర్బంధం చెల్లుతుందన్న పాత సూత్రం ఇప్పటికీ చావలేదు. 1960లో అర్జెంటీనా నుంచి ఎత్తుకువచ్చిన ఐక్‌మన్‌ను జెరూసలెంలో విచారించారు. అర్జెంటీనా మొరపెట్టుకున్నా విచారణ ఆగలేదు. అతడు చేసిన దారుణాలు తలచుకుంటే ఎవరికీ జాలి పుట్టదు. చిక్కంతా అదే. జాలి పుట్టనివాడి మీదే సూత్రం తయారవుతుంది, తరువాత అందరి మీదా వాడతారు. అయితే అదే ఇంగ్లండులో 1993లో ప్రభువుల సభ, అప్పగింత పద్ధతిని కావాలని పక్కన పెట్టి దక్షిణాఫ్రికా నుంచి ఒకణ్ణి తెచ్చారన్న వ్యాజ్యంలో, అది నిజమని తేలితే విచారణనే ఆపివేసే అధికారం కోర్టుకు ఉందని చెప్పింది. సావర్కర్‌కు 83 ఏళ్ళు ఆలస్యంగా వచ్చిన మాట.

సావర్కర్‌ను పంపిన 1881 చట్టం ఏమయిందో కూడా చెప్పాలి. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా అది మన పుస్తకాలలో అలాగే పడి ఉంది. సింగపూరు ప్రభుత్వం మీనన్ అనే ఆయననూ ఆయన భార్యనూ పంపమని దాని ప్రకారమే మద్రాసును అడిగింది. మద్రాసు హైకోర్టు కాదన్నది. 1954లో సుప్రీంకోర్టు కూడా అదే మాట అన్నది. భారతదేశం గణతంత్రమయ్యాక చక్రవర్తి సొత్తు కాదు గనుక ఆ చట్టం ఇక్కడ నడవదన్నది. ఒక గదిలోంచి ఇంకొక గదికి మార్చే కాలం ముగిసింది. ఆ తరువాత మన సొంత చట్టం 1962లో వచ్చింది. దానిలో 1993లో చేర్చిన ఒక నిబంధన నాకు గయుణ్ణి గుర్తుకు తెస్తుంది. మన దగ్గర మరణశిక్ష పడే నేరానికి, అప్పగించే దేశంలో ఆ శిక్ష లేకపోతే, ఇక్కడ యావజ్జీవమే వేయాలి. పోర్చుగల్‌తో వ్యవహారంలో అది కూడా చాలలేదు. వారికి యావజ్జీవం కూడా రాజ్యాంగ విరుద్ధమే. అబూ సలేమ్‌ను 2005 నవంబరులో పంపేముందు, మరణశిక్ష గాని 25 ఏళ్ళు దాటిన శిక్ష గాని ఉండదని మన ప్రభుత్వం చేత హామీ వ్రాయించుకున్నారు. బొంబాయి పేలుళ్ళలో అన్ని వందల ప్రాణాలు పోగా ఇదేమి బేరం అని కోపగించుకున్నవారిలో నేనూ ఒకణ్ణి. 2022 జూలైలో సుప్రీంకోర్టు, ఇచ్చిన మాట ప్రకారం 25 ఏళ్ళు పూర్తయ్యాక విడుదలకు చర్య తీసుకోవాలని కేంద్రాన్ని ఆదేశించింది. కోపం పోలేదు గాని, కుర్రవాడి ప్రశ్నకు సమాధానం అప్పుడు దొరికింది. అర్జునుడు గయుణ్ణి ఊరికే దాచలేదు. ఎరుగక పడిన ఉమ్మికి తల తీయడం ఏ స్మృతిలో ఉంది బావా అన్నది అక్కడి ప్రశ్న. ఆ మాట నేను తరగతిలో చెప్పి ఉండవలసింది.

ఇక మా అమ్మమ్మ సంగతి. ఫ్రెంచివారి నేల కోసం మార్సేల్స్ దాకా పోనక్కరలేదు, మన గోదావరి ఒడ్డున యానాం ఉంది. ఆ నేలల విలువ అప్పటి ఉద్యమకారులకు బాగా తెలుసు. 1908లో సుబ్రహ్మణ్య భారతి, 1910లో అరవిందులు పుదుచ్చేరి చేరింది ఆ నీడకే. పరారీలను అప్పగించుకోవడానికి ఇంగ్లీషువారూ ఫ్రెంచివారూ ఇక్కడి తమ స్థావరాల మధ్య 1815లోనే ఏర్పాటు చేసుకున్నారు. ఉప్పు, నల్లమందు వ్యాపారం గురించిన ఒడంబడికలో తొమ్మిదో నిబంధన అది. అయినా భారతినీ అరవిందులనూ ఎవరూ అప్పగించలేదు.

ఆ నీడకు రెండో ముఖం ఒకటి ఉంది. 1930 ఏప్రిల్ 1 నుంచి శారదా చట్టం అమలులోకి వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 నిండకుండా పెళ్ళి చేస్తే చేసినవారికి జుల్మానా, ఖైదు. పెళ్ళి మాత్రం రద్దు కాదు. చట్టం బ్రిటిషిండియా నేలకే గనుక, గోదావరి జిల్లాల పెద్దమనుషులు బాజాభజంత్రీలతో యానాం బయలుదేరారు. ఆ ఊరికి కల్యాణపురం అన్న పేరు కూడా వచ్చిందంటారు. ఇంగ్లీషు న్యాయం నేలతో ముడిపడినదని పైన వ్రాశానే, ఆ సందులోంచే ఈ పడవలన్నీ వెళ్ళాయి.

1931లో ఎదుర్లంక రేవున పడవ ఎక్కిన ఒక పెళ్ళిబృందంలో పెళ్ళికూతురు మా అమ్మమ్మ. తొమ్మిదేళ్ళు. రెండో తరగతి చదువుతోంది. వాళ్ళ నాన్నగారు కాంగ్రెసు మనిషి, ఖద్దరు కట్టేవారు, పుదుచ్చేరిలో తలదాచుకున్న దేశభక్తుల గురించి గర్వంగా చెప్పేవారట. ఏటికి ఈవల నేరమైనది ఆవల శుభకార్యమయింది. 1938లో ఆ సందును పూడ్చారు. బ్రిటిషు ప్రజ ఎక్కడికి వెళ్ళి చేసినా ఈ చట్టం వర్తిస్తుందని సవరించారు. అంటే ఇంగ్లీషువాడు ఈ ఒక్కచోట ఫ్రెంచివాడి సూత్రం అరువు తెచ్చుకున్నాడన్నమాట, నేరాన్ని మనిషి వెంట నడిపించాడు. అప్పటికి అమ్మమ్మకు పదహారు. కాపురానికి వచ్చి రెండేళ్ళయింది.

నేను పండిత పరీక్ష ప్యాసయిన ఏడు ఆమె కాళ్ళకు దండం పెడితే, "ఒరేయ్ అబ్బాయ్, ఆ ఏరు అడ్డం లేకపోతే నేనూ ఇంకో ఐదేళ్ళు బడికి పోయేదాన్నిరా" అన్నది. పెళ్ళి ముచ్చట్లు చెప్పమంటే ఆమెకు గుర్తున్నవి రెండే. పడవలో నిద్ర వచ్చి అత్తగారి ఒడిలో పడుకోవడం ఒకటి. అప్పగింతల వేళ అందరూ ఎందుకు ఏడుస్తున్నారో తెలియక, పాలగిన్నెలో చేయి పెట్టి ఆడుకోవడం రెండోది.